తడుముకోని మాట

పరీక్ష జరిగే గదిలో ఎక్కడా రాత కనిపించకూడదన్నారు. అందుకని మాణిక్యమ్మ పొద్దున్నే గోడమీది క్యాలెండరు తీసేసింది. బీరువా తలుపుకి అంటించిన మనవరాలి బడి టైంటేబులు ఊడబీకింది. బియ్యం బస్తా మీద మిల్లు పేరు ఉందని దాన్ని వంటింట్లోకి ఈడ్చింది. చివరికి గోడగడియారం ముందు నిలబడి అల్లుణ్ణి అడిగింది.

"అల్లుడుగారూ, దీని మీద అంకెలున్నాయండి. అవీ రాత కిందకే వస్తాయా?"

"తీసెయ్యండి అత్తయ్యగారూ. విభూతి పొట్లానికే పరీక్ష రద్దు చేసినోళ్ళు గడియారాన్ని వదుల్తారా?" అన్నాడు సూరిబాబు.

ఆవిడ మొహం చిన్నబుచ్చుకుంది. కిందటిసారి పరీక్షకి ద్రాక్షారామం విభూతిని కాగితంలో పొట్లం కట్టి, చెప్పాపెట్టకుండా అల్లుడి చొక్కా జేబులో పెట్టింది. మధ్యలో అతను రుమాలు తియ్యబోతే పొట్లం వచ్చి కంప్యూటరు మీద పడింది. ఏ దేశంలోనో కూర్చుని కెమెరాలో చూస్తున్న అధికారి దాన్ని విప్పి చూపించమన్నాడు. విభూతి కీబోర్డు నిండా రాలింది. కాగితానికి రెండు వైపులా అచ్చు. పరీక్ష రద్దు.

"అది సిమెంటు ప్రకటనండి. పైగా తెలుగు. అది చూసి ఇంగ్లీషు పరీక్ష ఎవరన్నా నెగ్గుతారా?" అని ఆవిడ అప్పట్నించీ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పుకుంటూనే ఉంది.

సూరిబాబు కాకినాడ బస్సు కాంప్లెక్సులో విచారణ కౌంటరు గుమాస్తా. భార్య ప్రసూన న్యూజిలాండులో ఒక వృద్ధాశ్రమంలో నర్సు. ఆమె వెళ్ళి రెండేళ్ళు దాటింది. భర్తనీ కూతుర్నీ పిలిపించుకోవాలంటే భర్త ఇంగ్లీషు పరీక్ష నెగ్గాలి. ఇంట్లో కూర్చునే రాయొచ్చు గానీ అవకాశాలు మూడే. ఒకటి విభూతి తినేసింది. మాణిక్యమ్మ కూతురు వెళ్ళిన నాడే సామర్లకోట నుంచి వచ్చి ఈ ఇంటి వంటిల్లు చేతిలోకి తీసుకుంది. వీళ్ళు విమానం ఎక్కితే ఆవిడ కొడుకు దగ్గరికి పోతుంది. అక్కడ తన గదీ తన రోలూ ఎదురుచూస్తున్నాయని రోజుకోసారైనా గుర్తు చేస్తుంది.

గది తలుపు మూసుకుంది. తెరమీద గొంతు మర్యాదగా పలకరించి, పొద్దున ఏం తిన్నారని అడిగింది.

తేలిక ప్రశ్న. సూరిబాబుకి పెసరట్టు గుర్తొచ్చింది. దాని వెనకే అల్లప్పచ్చడి. దాని వెనకే పెసరట్టు మీద ఉల్లిపాయ ముక్కలు మాడితే తప్ప తినని ప్రసూన. అప్పుడు ఇంగ్లీషు మాట కోసం వెతుక్కుని జవాబు చెప్పాడు. తప్పు లేకుండానే చెప్పాడు.

ఫలితం మధ్యాహ్నానికల్లా వచ్చింది. చదవడం, రాయడం, వినడం అన్నీ బాగున్నాయి. తడుములాట దగ్గర పోయింది. చెవిలో యంత్రాలు పెట్టుకుని జవాబులు చెప్పేవాళ్ళు ఎక్కువయ్యాక, పరీక్ష వాళ్ళు మాట కన్నా మాటకి ముందుండే మౌనాన్ని కొలవడం మొదలుపెట్టారు. కెమెరా కంటిపాపని చూస్తూ ఉంటుంది. మనిషి లోపల ఇంకో భాషలో తిరిగొచ్చి జవాబు చెబితే దానికి తెలిసిపోతుంది. సూరిబాబు ప్రతి ప్రశ్నకీ ఒకసారి ఇంటికెళ్ళి వచ్చాడు.

ప్రసూనతో రోజూ నాలుగు గంటల టీ వేళ మాట్లాడతాడు. అక్కడ ఆమె పడుకునే వేళ. ఆ రోజు సంగతి విని, "పోన్లెండి," అంది. మళ్ళీ తనే, "నేనొచ్చెయ్యనా?" అంది.

"వద్దు ప్రసూనా. ఇంత దూరం వచ్చేక వెనక్కొస్తే, రేపు కూరలో ఉప్పెక్కువైనా ఆ సంగతే ఎత్తి దెప్పుకుంటాం."

"దెప్పుకోడానికైనా ఒక చోట ఉంటాం కదండీ," అందామె.

ఆ మాట అతన్ని చాలా రోజులు వదల్లేదు.

* * *

సర్పవరం దగ్గర ఒక పరిశోధనశాల ఉన్న సంగతి కౌంటరులో తోటి గుమాస్తా పోలారావు చెప్పాడు. వాళ్ళ బావమరిది అక్కడికెళ్ళొచ్చాకే పరీక్ష నెగ్గాడట.

అక్కడి డాక్టరు వింధ్యావళికి యాభై దాటి ఉంటాయి. గోరంత పట్టీ ఒకటి తీసి సూరిబాబు చెవి వెనక ఆనించి చూసింది. పక్షవాతంతో మాట పడిపోయిన వాళ్ళ కోసం కనిపెట్టిందట. ఒక భాషని నెమ్మదింపజేస్తే దాని కింద అణిగి ఉన్న రెండోది పైకి లేస్తుంది.

"తెలుగు పోతుందాండి?"

"పోదు. ఎవరన్నా మాట్లాడితే అర్థమవుతుంది. మీరూ కావాలంటే వెతుక్కుని మాట్లాడగలరు. దానంతటది లేచి రాదు, అంతే."

"నెప్పెడుతుందాండి?"

"అసలుండదు," అంది డాక్టరు. ఇంకేదో చెప్పాలనుకుని బల్లమీద పెన్ను సర్దింది. "వద్దనుకున్నప్పుడు మీరే వచ్చి తియ్యమని అడగాలి. ఇంట్లోవాళ్ళు అడిగితే తియ్యం. అది మా నియమం."

సూరిబాబుకి అది పెద్ద సంగతిగా తోచలేదు. పరీక్షయిన మర్నాడే వచ్చి తీయించుకుంటానన్నాడు. ప్రసూనతో మాత్రం ఏదో కొత్త రకం శిక్షణలో చేరానని చెప్పాడు.

పట్టీ అంటించుకున్న మొదటి వారం ఏమీ తెలియలేదు. తర్వాత ఇల్లు నిశ్శబ్దమైంది. సూరిబాబుకి గ్యాసు పొయ్యితో మాట్లాడే అలవాటుంది. వెలగకపోతే బతిమాలతాడు, వెలిగితే మెచ్చుకుంటాడు. అది మానేశాడు. స్నానాల గదిలో పాట ఆగిపోయింది. మాణిక్యమ్మ మొదట సంతోషించింది. పరీక్ష మీద దృష్టి పెట్టాడనుకుంది.

కౌంటరులో మాత్రం ఇబ్బందైంది. "బాబూ, పిఠాపురం బండి ఎల్లిపోయిందా?" అని ముసలమ్మ అడిగితే, జవాబు లోపల ఇంగ్లీషులో తయారై, తెలుగులోకి మారి బయటికొచ్చేసరికి బండి గేటు దాటేది.

"ఏంటండి బాబూ, పిల్లకి పేరెడుతున్నారా? అంతసేపాలోచిస్తున్నారు," అని ముసలమ్మ కేకలేసింది.

"ఆయన దొరగారయిపోయేరు మామ్మా. మన బళ్ళు ఆయన కంటికి ఆనవు," అన్నాడు పోలారావు పక్క నుంచి.

మామూలుగా అయితే సూరిబాబు పోలారావుకి రెండింతలు బదులిచ్చేవాడు. ఆ రోజు మర్యాదగా నవ్వాడు. పోలారావుకి ఎందుకో అది నచ్చలేదు.

ఒకనాడు లాస్య తుమ్మింది. ఆరేళ్ళ పిల్ల. తుమ్మి, మొహం పైకెత్తి తండ్రి వంక చూస్తూ నిలబడింది. ఆ ఇంట్లో తుమ్ముకి ఒక వరస ఉంది. ఒక తుమ్ముకి చిరంజీవ, రెండో దానికి నూరేళ్ళు, మూడోది తుమ్మితే నూటపది, ఇంక చాలు మిగతావాళ్ళకి కొంచెం ఆయుష్షు ఉంచు అని. సూరిబాబు రుమాలు అందించాడు.

"నాన్నా, నువ్వేం అన్లేదు."

"దేనికి?"

పిల్ల దొంగతుమ్ము ఒకటి తుమ్మింది. సూరిబాబు ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం ఉందేమో చూశాడు.

"చిరంజీవ," అంది వంటింట్లోంచి మాణిక్యమ్మ.

"నువ్వు కాదమ్మమ్మా," అని లాస్య కాళ్ళు నేలకేసి కొట్టింది.

ఆ మర్నాడు దుప్పట్లు మడతపెడుతూ మాణిక్యమ్మ ఇంకొకటి చూసింది. రెండేళ్ళుగా అల్లుడు మంచానికి ఒక వారగానే పడుకుంటాడు. రెండో పక్క దుప్పటి పొద్దున్నకి కూడా పెట్టెలోంచి తీసినట్టే ఉంటుంది. ఆ వేపు తలగడ మీద చెయ్యి పడినా ఉలిక్కిపడి లేస్తాడని లాస్య చెప్పి నవ్వేది. ఇప్పుడు దుప్పటి నడిమధ్య నలిగి ఉంది. ఆ రెండో తలగడ కాళ్ళ కిందికి పోయింది. ఆవిడ దాన్ని తీసి గలీబు దులిపి యథాస్థానంలో పెట్టింది. అత్తగారు అల్లుణ్ణి అడిగే సంగతి కాదది.

నాలుగు గంటల మాటలు కూడా పొట్టివయ్యాయి. పూర్వం బస్టాండులో సీటు కోసం ఎవరెవరు జుట్లు పట్టుకున్నారో, కండక్టరు ఏమన్నాడో ఆడి చూపించేవాడు. ఇప్పుడు అందరూ బాగున్నారనీ, లాస్య భోంచేసిందనీ ఇంగ్లీషులో చెబుతున్నాడు.

"ఇంకా?" అనేది ప్రసూన.

"అంతే."

పరీక్ష కోసం అభ్యాసం చేస్తున్నాడని ఆమె సరిపెట్టుకుంది.

* * *

మూడో పరీక్ష రోజు మాణిక్యమ్మ గదంతా మళ్ళీ ఖాళీ చేసి, లాస్యని పక్కింటికి పంపి, తలుపు బయట పీట వేసుకుని కూర్చుంది. లోపలి మాటలు వినపడుతున్నాయి గానీ ఆవిడకి ఇంగ్లీషు రాదు.

ఎవరిని చూడాలని ఎదురుచూస్తున్నారో ఆ మనిషి గురించి చెప్పమని తెరమీద గొంతు అడిగింది. సూరిబాబు ఆ క్షణమే మొదలుపెట్టాడు. నా భార్య ప్రసూన నర్సు. ఆమెకి ముప్పై నాలుగేళ్ళు. ఓర్పు గలది. ఆమె లేకపోవడం నాకు లోటుగా ఉంది. తిరిగి కలవాలని ఆశపడుతున్నాను. ఒక్కచోట కూడా ఆగలేదు.

మాణిక్యమ్మకి అందులో ఒకే ఒక్క మాట అర్థమైంది, కూతురి పేరు. ఆ పేరు అల్లుడి నోట ఎన్నో రకాలుగా విన్నదావిడ. విసుక్కుంటూ, పిలుస్తూ, ఫోను పెట్టేశాక ఊరికే. ఇప్పుడు మైకులో తుని, అనకాపల్లి అని బస్సు ఆగే ఊళ్ళు చదివినట్టు వినపడింది. ఆవిడ పీట మీద నుంచి లేచి వంటింట్లోకి పోయింది.

సూరిబాబు నెగ్గాడు. తడుములాట అసలు లేదని మెచ్చుకుంటూ రాశారు. పోలారావు కాజాలు పట్టుకొచ్చాడు. ఫోనులో ప్రసూన ఏడ్చింది, నవ్వింది, పిల్లకి చలికోట్లు కొంటానంది, ఎప్పుడు బయల్దేరతారో చెబితే సెలవు పెడతానంది.

"తొందరేం లేదు," అన్నాడు సూరిబాబు. "ఇక్కడ మాకు బాగానే ఉంది. నీకూ అక్కడ బాగానే ఉంది. రోజూ మాట్లాడుకుంటున్నాం. వచ్చే ఏడాది ఆలోచిద్దాం."

అతను కోపంగా అనలేదు, వేళాకోళానికీ అనలేదు. బండి గంట ఆలస్యమని చెప్పినట్టు చెప్పాడు. ప్రసూన అమ్మకి ఫోనివ్వమంది.

మాణిక్యమ్మ ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. "నాకేం తెలీదే అమ్మాయ్. చెవెనకాల ఏదో అంటించుకున్నారు. అయిపోయింది కదా తీసేయండి అల్లుడుగారూ అంటే, ఏం బాధ లేదు కదా అత్తయ్యగారూ ఉండనీండి అంటారు. మనిషికి పేరెట్టడానికి లేదు. నామీద విసుక్కోను కూడా విసుక్కోట్లేదు. నాకు భయమేస్తంది."

మర్నాడు ఆవిడ ఆటో కట్టించుకుని సర్పవరం వెళ్ళింది. డాక్టరు వింధ్యావళి ఆవిణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది.

"తియ్యమని ఆయనే అడగాలమ్మా."

"ఆయన అడగరు. అందుకే కదా నేనొచ్చేను."

"ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు," అంది డాక్టరు. "బెంగలూ దిగుళ్ళూ మనకి చిన్నప్పట్నించీ ఏ మాటల్లో అలవాటయ్యాయో ఆ మాటలతోపాటే నిద్రపోతాయి. అది నేను ముందు అనుకోలేదు. నెప్పి లేనివాడు మందు ఆపమని ఎందుకడుగుతాడు?"

మాణిక్యమ్మకి సగమే అర్థమైంది. ఆ సగం చాలింది. "మరి మీరు ఇంకా ఎందుకంటిస్తున్నారమ్మా ఇది?"

డాక్టరు ఖాళీ గ్లాసు తీసి పక్కన పెట్టింది. "మొదట మా నాన్నగారికే పెట్టేను. పక్షవాతం వచ్చి మాట ముక్కలైపోయింది. అప్పటికి అమ్మ పోయి ఏడాది. ఆవిణ్ణి పిలవబోయి, పిలవలేక, రోజంతా ఏడ్చేవారు. ఇది పెట్టాక కాలేజీలో పాఠం చెప్పిన ఇంగ్లీషు పైకొచ్చింది. పొద్దున్నే పేపరు చదువుతారు. నడుస్తారు. చుట్టాలంతా నన్ను దేవతన్నారు."

"అమ్మగారి మాటెత్తుతారా?"

"ఎత్తరు. ఫోటో చూపిస్తే పేరు చెబుతారు."

మాణిక్యమ్మ వచ్చేటప్పుడు డాక్టరు గేటు దాకా వచ్చి ఆటో ఎక్కించింది.

* * *

తల్లి నోట డాక్టరు చెప్పిందంతా విని, ఆ ఆదివారం ప్రసూన పొద్దున్నే ఫోను చేసింది. సూరిబాబు మధ్యగదిలో కూర్చుని లాస్య చెప్పులకి పాలిష్ వేస్తున్నాడు. ఫోనుని గోడకి ఆనించి పెట్టాడు. ప్రసూన తెలుగులో మొదలుపెట్టి ఆగింది. తర్వాత ఇంగ్లీషులోకి దిగింది. అది ఆశ్రమంలో ముసలివాళ్ళ దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషు. చాలాచోట్ల ఆగుతుంది. ఈ పరీక్షకి కూర్చుంటే ఆమె తప్పకుండా తప్పుతుంది.

"నేను మిమ్మల్ని రమ్మనడానికి చెయ్యలేదు," అంది. "ఒకటి చెప్పాలి. ఇక్కడ రెండు గదుల ఇల్లు తీసుకున్నాను కదా. మొహం కడుక్కునే బేసిను ఎత్తు. లాస్యకి అందదని చిన్న... చెక్క పీట లాంటిది కొన్నాను. ఎప్పుడో కొన్నాను. రోజూ దాన్ని తన్నుకుని... పడబోతాను. అయినా అక్కణ్ణించి తియ్యను."

"గోడ పక్కకి జరుపు. దెబ్బ తగులుతుంది," అన్నాడు సూరిబాబు వెంటనే.

"ఊఁ," అందామె. "జగన్నాథపురం వంతెన మీద మన స్కూటరు ఆగిపోయిన రోజు గుర్తుందా?"

"ఉంది. పెళ్ళైన కొత్తలో. వాన. నేను తోశాను. నువ్వు వెనక నడిచావు."

"అప్పుడు మీరు నాతో ఏదో అన్నారు. నేను నవ్వి నవ్వి వంతెన మీదే కూర్చుండిపోయాను. ఏమన్నారో నాకు... నాకు గుర్తుండదు. మీకు గుర్తుంటుంది. ఎప్పుడడిగినా మళ్ళీ చెప్పేవాళ్ళు. ఎన్నిసార్లు చెప్పినా అలాగే నవ్వొచ్చేది. అందుకని నేనది గుర్తుపెట్టుకోలేదు. మీ దగ్గరుంది కదా అనుకున్నాను. ఇక్కడికొచ్చాక ఒక్కోరోజు... మరీ తోచనప్పుడు అడిగేదాన్ని. చెప్పండి. ఏమన్నారు?"

సూరిబాబు వంతెన చూశాడు. వాన చూశాడు. తడిసిన పసుపుపచ్చ చీర చూశాడు. తన పెదాలు కదలడం, ఆమె నవ్వుతూ కూలబడటం చూశాడు. శబ్దం లేదు. లైటు లేని గదిలో చెయ్యి చాపి ఉండాల్సిన చోటల్లా తడిమాడు.

"లేదు," అన్నాడు.

"అది మీ ఒక్కరిదీ కాదండీ. నాదది. మీ దగ్గర దాచుకున్నాను. ఇంకా చాలా దాచుకున్నాను. మీరు నా కోసం బెంగపడకపోతే పోనివ్వండి. నావి నాకు... ఇవ్వాలి కదా?"

సూరిబాబుకి ఏడుపు రాలేదు. గుండె బరువెక్కలేదు. కానీ అతను కౌంటరులో ఎవరైనా సంచీ మరిచిపోతే డిపో మూసేదాకా దాన్ని కనిపెట్టుకుని కూర్చునే మనిషి. ఒకరి వస్తువు తన దగ్గరుండిపోయిందని తెలిశాక ఊరుకోవడం అతనికి ఏ భాషలోనూ చేతకాదు. చెప్పుకి రెండో పూత పూర్తిచేసి, చెయ్యి కడుక్కుని చొక్కా తొడుక్కున్నాడు.

ఆదివారమైనా డాక్టరు వింధ్యావళి పరిశోధనశాలలోనే ఉంది. ఆవిడ అడగాల్సిన ప్రశ్న అడిగింది. "ఏమన్నా బాధగా ఉందా?"

"లేదు మేడమ్. చాలా సుఖంగా ఉంది."

"మరెందుకు తియ్యమంటున్నారు?"

"నా భార్య వస్తువులు దీని వెనక ఉండిపోయాయి. ఆవిడ అడుగుతోంది."

డాక్టరు చేతులు ఒకసారి ఆగాయి. పట్టీ తీసి, ఆ చోటు దూదితో తుడిచింది. అన్నీ తిరిగి రాకపోవచ్చని ముందే చెప్పింది. అతను సరేనన్నాడు. అతను వెళ్ళాక ఆవిడ గదికి తాళం వేసి, పెందరాళే ఇంటికి బయల్దేరింది.

తెలుగు ఒక్కసారి రాలేదు. మొదట తిట్లొచ్చాయి. సైకిలు అడ్డమొచ్చినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టి, తనే ఆశ్చర్యపోయి నిలబడ్డాడు. తర్వాత కూరల పేర్లొచ్చాయి. పోలారావుకి ఒకరోజు బాకీలతో సహా బదులిచ్చాడు. లాస్య నిజంగానే జలుబు చేసి వరసగా తుమ్మితే, నూటపది దాటి నూటయాభై దాకా ఆయుష్షు పోశాడు. ప్రయాణానికి టిక్కెట్లు కొన్నారు. ఇంకా నెలకి పైగా ఉంది. వంతెన మీద అన్న మాట మాత్రం రాలేదు. రోజూ నాలుగు గంటలకి ప్రసూన అడుగుతుంది, ఇవాళైనా దొరికిందా అని. దొరకలేదంటాడు.

ఒక మధ్యాహ్నం మాణిక్యమ్మ అల్లుడికిష్టమైన నెత్తళ్ళ చేపల వేపుడు చేసి, కంచంలో వేడన్నం పెట్టి పిలిచింది. సూరిబాబు వచ్చి కూర్చున్నాడు. రెండు ముద్దలు కలిపి తిన్నాడు. మూడోది కలిపి, కంచంలోనే ఉంచి, కిటికీ వంక చూస్తూ ఉండిపోయాడు.

"ఉప్పు తగ్గిందాండి?"

"లేదండి."

"మరి తినరేం?"

"ఏమోనండి అత్తయ్యగారూ. పొద్దున్నించీ ఆవిడే కళ్ళలో మెదుల్తుంది. సహించట్లేదు. ఏవీ అనుకోకండి," అన్నాడు. లేచి వెళ్ళి పెరట్లో చెయ్యి కడుక్కుని, అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాడు.

మాణిక్యమ్మ జన్మలో ఎవర్నీ కంచం వదిలి లేవనిచ్చిన మనిషి కాదు. ఆ రోజు ఒక్క మాట బతిమాలలేదు. పమిటతో చేతులు తుడుచుకుని, ఫోను తీసి, కూతురికి కలిపి, గొంతు బాగా తగ్గించి చెప్పింది.

"అమ్మాయ్, మీ ఆయన అన్నం మానేసేరే."

"ఏం కూర చేసేవు? ఆనపకాయేనా? అయితే మామూలుగానే తినరు కదమ్మా."

"ఆనపకాయ కాదే. నెత్తళ్ళు. కరకరలాడేలా వేపేను. ముట్టుకోలేదు. పెరట్లో కూచుని ఏడుస్తున్నట్టున్నారు."

అటువైపు నుంచి మాట రాలేదు. చాలాసేపు రాలేదు. మాణిక్యమ్మ ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని, తొందరపెట్టకుండా నిలబడింది.